ఫినైలెఫ్రిన్ ఆంప్యూల్: మోకీలు మార్పిడిలో ఎవరికి పనికొస్తుంది, ఎవరికి కాదు

ఫినైలెఫ్రిన్ బీపీ పెంచే ఇంజెక్షన్ మందు. చిన్న గాజు ఆంప్యూల్‌లో వస్తుంది, ఒక మిల్లీలీటరులో 10 మిల్లీగ్రాములు. ఈ ఆంప్యూల్‌తో ఉన్న చిక్కంతా ఇక్కడే. బీపీ పడినప్పుడు ఒక విడతకు కావలసింది 50 నుంచి 100 మైక్రోగ్రాములే, అంటే ఇందులో కనీసం వంద డోసులున్నాయి. 10 మి.లీ. సిరంజిలో రెండుసార్లు పలుచన చేసే అలవాటు మంచిది కాదు. మొదటిసారి కలిపిన సిరంజిలో మిల్లీలీటరుకు ఇంకా ఒక మిల్లీగ్రాము ఉంటుంది. లేబుల్ లేకుండా ట్రేలో పెట్టారా, హడావుడిలో పదింతలు లోపలికి పోతుంది. బీపీ ఎగబాకి, పల్స్ పడిపోయి, ఊపిరితిత్తుల్లో నీరు చేరొచ్చు. ఆంప్యూల్ మొత్తం 100 మి.లీ. సెలైన్‌లో కలపండి, మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాములు. సీసా మీదా సిరంజి మీదా రాయండి.

మందు మాత్రం చాలా మంచిది. స్పైనల్‌తో, అంటే వెన్నులో ఇచ్చే మత్తుతో, వదులైన రక్తనాళాలను నిమిషంలో బిగిస్తుంది. పల్స్ 90 ఉండి, పై బీపీ 85కి జారినవారికి మా మొదటి ఎంపిక ఇదే. పల్స్ 50 ఉంటే వద్దు, ఇంకా తగ్గిస్తుంది. అక్కడ బీపీ పెంచే మరో మందు, మెఫెంటెర్మిన్ 6 మి.గ్రా. మేలు. గుండె పంపింగ్ బాగా తగ్గినవారికీ ఇది నప్పదు.

ఇది ఎవరికి అవసరమవుతుందో ముందు రోజే చాలావరకు చెప్పొచ్చు. డెబ్బై దాటినవాళ్లు, రక్తం తక్కువున్నవాళ్లు, ఏళ్లుగా షుగరుండి లేచి నిలబడితే కళ్లు తిరిగేవాళ్లు, మూత్రం ఎక్కువగా పోయేలా చేసే నీళ్ల మాత్ర వాడేవాళ్లు, రెండు మోకాళ్లూ ఒకేసారి చేయించుకునేవాళ్లు. అందరికంటే ముందు, ఆ పొద్దున టెల్మిసార్టానో రామిప్రిలో వేసుకుని వచ్చినవాళ్లు. "బీపీ మాత్ర వేసుకున్నారా అమ్మా?" అని అడిగితే చాలదు, స్ట్రిప్ తెప్పించి పేరు చదవాలి. ఈ రెండు రకాలనూ సాధారణంగా 24 గంటల ముందు ఆపిస్తారు. గుండె వేగం తగ్గించే మెటోప్రొలాల్ లాంటివి మాత్రం ఆపకూడదు. టెల్మిసార్టాన్, రామిప్రిల్ ఆపకుండా వచ్చినవారిలో బీపీ ఫినైలెఫ్రిన్‌కు లొంగకపోవచ్చు, రక్తనాళాలను మరో దారిలో బిగించే వాసోప్రెసిన్ అందుబాటులో ఉండాలి. ప్రాజోసిన్ అనే బీపీ మాత్ర వాడేవారిలోనూ దీని పట్టు తక్కువే. ఇది పనిచేసే చోటునే ఆ మాత్ర మూసేస్తుంది.

ఒక డోసు పది, పదిహేను నిమిషాలకు మించి నిలవదు. స్పైనల్ తర్వాత కుదురుకున్న బీపీ, కొత్త కీలును ఎముకకు అతికించే సిమెంటు పెట్టినప్పుడు, తొడకు బిగించిన పట్టీ (టూర్నికెట్) వదిలినప్పుడు మళ్లీ పడుతుంది కాబట్టి, కట్టు కట్టేదాకా సిరంజి చేతికందేలా ఉంచాలి. సిమెంటు పెట్టగానే బీపీతోపాటు ఆక్సిజన్ కూడా పడితే దీని మీద ఆధారపడొద్దు, అడ్రినలిన్ తీయాలి. ఆపరేషన్ అయ్యాక, గాయంలోంచి కారే రక్తాన్ని పట్టే డ్రెయిన్ నిండుతుంటే, ఈ మందుతో నిలబెట్టిన అంకె చూసి ధీమా పడకూడదు. అప్పుడు ఎక్కించాల్సింది రక్తం.