కనిపించకుండా పాడే బండి: పాత 407లో దాచిన ఆడియోతో అయిదేళ్లు

మా నాన్నగారు 1989లో కొన్న టాటా 407 చిన్న లారీకి 2020 జనవరిలో ఆడియో పెట్టించాను. ఆ తరువాత అయిదేళ్లకు పైగా భీమిలి దారిలోను, అనంతగిరి ఘాటులోను, మే నెల ఎండలోను, తుపాను వానల్లోను వాడిన మీదట ఈ సమీక్ష రాస్తున్నాను. బిగించిన మొదటి వారంలో ఏ స్పీకరైనా బాగానే పలుకుతుంది. విశాఖ ఉప్పు గాలిలో కనీసం రెండు వానకాలాలు గడిస్తేగాని దాని అసలు గుణం బయటపడదు కనుక ఇంతకాలం ఆగవలసి వచ్చింది.

ముందుగా బండి గురించి కొంత చెప్పాలి. 407 మోడల్ 1986లో మార్కెట్లోకి వచ్చింది; మాది ఆ తొలి రోజుల బండ్లలో ఒకటి. అనకాపల్లి మార్కెట్ నుంచి బెల్లం దిమ్మలు వేసుకుని ఏళ్ల తరబడి విశాఖకు తిరిగింది. ఇప్పుడు భీమిలి దగ్గర మా కొబ్బరితోటకు ఎరువు, మొక్కలు మోయడానికి వాడుతున్నాను. ప్రభుత్వ లెక్కలో వింటేజ్ వాహనం అనిపించుకోవాలంటే 50 ఏళ్లు నిండాలి, పైగా అది సొంత వాడకపు బండి అయి ఉండాలి కనుక మా బండికి ఆ గౌరవం లేదు. ఏటా ఫిట్‌నెస్‌కు వెళ్లి నిలబడే మామూలు గూడ్స్ బండి. నాన్నగారు దీనికి పెట్టించిన రెండు నాబుల క్యాసెట్ ప్లేయరు 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానులో, బండి ముందు అద్దం పగిలి నీళ్లలో తడిసి మూగబోయింది. దాన్ని తీసేయడానికి మనసొప్పలేదు. అందుకే పని మొదలుపెట్టే ముందే రెండు షరతులు పెట్టుకున్నాను: క్యాబిన్ రేకుకు కొత్తగా ఒక్క రంధ్రం కూడా పడకూడదు, లోపల కూర్చున్నవారికి నాన్నగారి కాలపు క్యాబిన్ తప్ప మరేదీ కనిపించకూడదు.

గాజువాక ఆటోనగర్‌లో నేను మొదట అడిగిన దుకాణంలో తెర ఉన్న స్టీరియో చూపించి, డ్యాష్‌బోర్డు కోసి బిగిస్తామన్నారు. నా షరతు వినిపిస్తే, "కొయ్యకుండా ఎలగ పెడతాం సార్?" అని నవ్వేశారు. చివరికి రేడియోలు, టేపులు బాగుచేసే పాతకాలపు మెకానిక్ ఒకాయన దారి చూపించారు. క్యాసెట్ ప్లేయరు పెట్టెను, ముఖాన్ని, నాబులను అలాగే ఉంచి, లోపల చిన్న బ్లూటూత్ బోర్డు కూర్చోబెట్టారు. క్యాసెట్‌ను చదివే టేప్ హెడ్ నుంచి వాల్యూమ్ కంట్రోలుకు వచ్చే సిగ్నలును తెంచి, ఆ చోట బ్లూటూత్ సిగ్నలును కలిపారు. కంట్రోలు నుంచి బయటికి వచ్చే సిగ్నలు ప్లేయరులో ధ్వనిని పెంచే పాత ఐసీకి (చిప్పుకు) పోకుండా, విడిగా పెట్టిన కొత్త యాంప్లిఫయరుకు వెళుతుంది. ఫలితంగా నాన్నగారు తిప్పిన నాబే ఇప్పటికీ ధ్వనిని పెంచుతుంది, తగ్గిస్తుంది. ఫోను జేబులోనే ఉంటుంది. ఈ పనికి ఆయన తీసుకున్నది 1,500 రూపాయలు. మొత్తం వ్యవస్థలో నాకు ఎక్కువ తృప్తినిచ్చిన భాగం ఇదే. ఒక్క చిక్కేమిటంటే, తేమకు ఆ కంట్రోలు లోపల తుప్పు చేరి, నాబు తిప్పినప్పుడల్లా బరబరమంటుంది. ఏడాదికొకసారి వానకాలం వెళ్లాక కాంటాక్ట్ క్లీనర్ కొట్టి నాబును ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పితే మళ్లీ శుభ్రపడుతుంది.

స్పీకర్లను దాచడంలోనే అసలు కష్టమంతా ఉన్నది. సుమారు 80 హెర్ట్జ్‌కు దిగువనున్న మంద్రధ్వని ఎటునుంచి వస్తున్నదో చెవి పసిగట్టలేదు. అందువల్ల ఆ ధ్వనిని పలికే సబ్ వూఫరును ఎక్కడ దాచినా ఇబ్బంది లేదు. మా బండిలో అది క్లీనరు సీటు కింద ఉన్నది. ఎనిమిది అంగుళాల కోను (కంపించి శబ్దం చేసే గరాటు పలక), సొంత యాంప్లిఫయరు గల పలుచని పెట్టె అది. తారధ్వని స్వభావం మాత్రం దీనికి పూర్తిగా వ్యతిరేకం. అది టార్చిలైటు వెలుగులా తిన్నగా పోతుంది, మధ్యలో సీటు గానీ మోకాలు గానీ అడ్డం వస్తే అక్కడికక్కడే ఆగిపోతుంది. డబ్బు మిగులుతుందని నేను మొదట మంద్ర, తార ధ్వనులు రెండూ ఒకే చోట పలికే నాలుగంగుళాల కోయాక్సియల్ స్పీకర్లు రెండింటిని డ్యాష్‌బోర్డు కింద కాళ్ల దగ్గర పెట్టించాను. పాటలో తబలా వినిపించేది గాని గాయని గొంతు మోకాళ్ల దగ్గరి నుంచి, దుప్పటి కప్పుకుని పాడినట్టు వచ్చేది.

పరిష్కారం మా బండిలోనే దొరికింది. పాత లారీలన్నిటికీ ఉన్నట్టే, ముందు అద్దం పైన దేవుడి పటాలు పెట్టుకునే చెక్క అర ఒకటి దీనికీ ఉన్నది. నాన్నగారు పెట్టిన సింహాచలం అప్పన్న పటం అందులోనే ఉంటుంది. పటానికి రెండు పక్కలా ఉన్న ఖాళీలో తారధ్వని పలికే చిన్న స్పీకర్లు, అంటే ట్వీటర్లు పెట్టి, వాటిని డ్రైవరు చెవులవైపు కొద్దిగా వంచి, ముందు గుడ్డ కప్పించాను. ఇక్కడ ఒక పొరపాటు చేశాను. పూర్ణా మార్కెట్‌లో కొన్న ఎర్ర ముఖమలు గుడ్డ పటానికి శోభ తెచ్చింది గాని ట్వీటరు నోరు నొక్కేసింది. గుడ్డను పెదవులకు ఆనించి ఊదితే గాలి సులువుగా దాటిపోవాలి. దాటకపోతే శబ్దం కూడా దాటదని రేడియో మెకానిక్ చెప్పారు. తరువాత అదే రంగులో పలుచని స్పీకరు గుడ్డ తెచ్చి మార్చాం. నాలుగంగుళాల స్పీకర్లను కాళ్ల దగ్గరి నుంచి తీసి, డ్యాష్‌బోర్డు మీది అరలో, ముందు అద్దంవైపు చూసేలా పడుకోబెట్టాం. ధ్వని అద్దానికి తగిలి వెనక్కి రావడం వల్ల గొంతు ఇప్పుడు కళ్లకు ఎదురుగా వినిపిస్తున్నది. బండి ఎక్కినవారు పాట ఎక్కడి నుంచి వస్తున్నదని ఒకసారి చుట్టూ చూస్తారు. నేనైతే ధ్వని నాణ్యతకు పదికి ఏడు మార్కులే వేస్తాను. అవే స్పీకర్లను తలుపులకు కోసి బిగించి ఉంటే ఎనిమిదో ఎనిమిదిన్నరో వచ్చేవి.

మధ్యలో ఎక్సైటర్లను కూడా ప్రయత్నించాను. వీటికి కోను ఉండదు. చదునైన పలక వెనుక అంటిస్తే ఆ పలకే కంపించి శబ్దం చేస్తుంది. కప్పు లోపలి ప్లైవుడ్డుకు రెండు అంటించాం. వార్తలు, హరికథ, మాటలు స్పష్టంగా వచ్చాయి. సంగీతం డబ్బాలోంచి వచ్చినట్టు ఉన్నది. మాటలు మాత్రమే వినేవారికి అవి చాలు.

ఇక వైర్ల సంగతి. యాంప్లిఫయరు మీద రాసిన వాట్లు చూసి మురిసిపోయేవాళ్లు దానికి కరెంటు మోసే తీగను చూడరు. నేనూ చూడలేదు. చాసిస్ పక్కనున్న బ్యాటరీ పెట్టె నుంచి సీటు కింది వరకు నాలుగు మీటర్ల కేబులు కావలసి వచ్చింది. దుకాణంలో ఇచ్చిన కేబులు బొద్దుగా, ఎర్రగా, చూడముచ్చటగా ఉన్నది. ఎనిమిది నెలలు గడిచేసరికి ధ్వని పెంచినప్పుడల్లా సబ్ వూఫరు గుటకలు మింగడం మొదలుపెట్టింది. మల్టీమీటరు పెట్టి చూస్తే బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు ఉంటే యాంప్లిఫయరు దగ్గర 12.9 మాత్రమే ఉన్నాయి. కేబులు కొస కోసి, పోగును బ్లేడుతో గీస్తే లోపల తెల్లగా అల్యూమినియం బయటపడింది. రాగి పైపూత మాత్రమే. అల్యూమినియం రాగిలో దాదాపు 60 శాతమే కరెంటును మోయగలదు. పైగా రెండు లోహాలు తగిలే చోట ఉప్పు తేమ చేరితే తినేయడం ఇంకా తొందరగా జరుగుతుంది. కేబులు కొసను బోల్టుకు బిగించే లగ్గు దగ్గర పచ్చని చిలుము, తెల్లని పొడి కలిసి పేరుకుని ఉన్నాయి. దాని స్థానంలో పోగు పోగుకూ తగరం పూత ఉన్న పది చదరపు మిల్లీమీటర్ల రాగి కేబులు వేయించి, లగ్గులకు పెట్రోలియం జెల్లీ రాసి, పైన జిగురుండే స్లీవు వేడిచేసి బిగించాం. ఇప్పుడు అదే ధ్వనిలో తేడా 0.2 వోల్టులు దాటడం లేదు. బ్యాటరీ నుంచి జానెడు దూరంలోనే ఫ్యూజు పెట్టించాను. రేకు అంచుకు రాసుకుని కేబులు తొడుగు తెగితే బండిని కాపాడేది ఆ ఫ్యూజు ఒక్కటే కనుక ఇందులో రాజీ పడకూడదు.

మొదటి మూడు వారాలు నన్ను వేధించింది కూత. ఇంజను వేగం పెరిగేకొద్దీ స్పీకర్లలో సన్నని ఈల కూడా పెరిగేది. డీజిలు ఇంజనుకు స్పార్క్ ప్లగ్గులు ఉండవు కనుక పెట్రోలు జీపుల్లో వినిపించే టిక్కుటిక్కుమనే శబ్దం లేదు గాని డైనమో కూత తప్పలేదు. క్యాసెట్ ప్లేయరుకు ఎర్త్ (కరెంటు బండి రేకు గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే తీగ) డ్యాష్‌బోర్డు దగ్గర, యాంప్లిఫయరుకు ఎర్త్ సీటు కింద ఇచ్చారు. ముప్పై ఏళ్ల రేకు, దాని అతుకుల్లో తుప్పు; ఈ రెండు చోట్ల మధ్య కొద్దిపాటి వోల్టేజీ తేడా ఉండి, అదే సిగ్నలు తీగ గుండా కూతగా వినిపించింది. రెండు ఎర్త్‌లనూ తెచ్చి, రంగు గీకిన ఒకే బోల్టుకు బిగించి, సిగ్నలు తీగను కరెంటు కేబులుకు ఎదురు పక్క నుంచి తీసుకువెళ్లగానే కూత మాయమైంది. అంతకుముందే ఎవరో చెప్పారని ఫిల్టరు ఒకటి కొన్నాను. అది ఇప్పటికీ ఇంట్లో అలమారులో ఉన్నది.

దాచిన వస్తువుకు గాలి ఆడదు. నా మొదటి యాంప్లిఫయరు క్లాస్ ఏబీ రకం; తీసుకున్న కరెంటులో సగానికి దగ్గరగా వేడి కిందే పోతుంది. 407లో ఇంజను దిమ్మ క్యాబిన్ లోపలికి చొచ్చుకుని ఉంటుంది. దాని పక్కనే సీటు కింద దీన్ని పెట్టారు. అనంతగిరి ఘాటు ఎక్కుతుండగా నలభై నిమిషాలకోసారి అదే ఆగిపోయి, చల్లబడ్డాక అదే పాడేది. దాన్ని తీసేసి, తక్కువ వేడెక్కే క్లాస్ డీ రకం తెచ్చి, సీటు వెనుక గోడకు రెండు వేళ్ల సందు వదిలి నిలువుగా బిగించాం. అప్పటి నుంచి ఒక్కసారీ ఆగలేదు. డైనమో సామర్థ్యం 35 ఆంపియర్లే అయిన పాత బండికి కూడా తక్కువ కరెంటు తాగే ఈ రకమే తగినది. రాత్రి వానలో హెడ్‌లైట్లు, వైపరు వాటి వంతు అవి తీసుకుంటాయి కదా.

బిగించిన రెండు నెలలకే లాక్‌డౌన్ వచ్చింది. ఇరవై ఒక్క రోజుల తరువాత తాళం తిప్పితే సెల్ఫ్ టక్కుమని కూడా అనలేదు. బ్లూటూత్ బోర్డు, నిద్రలో ఉన్న సబ్ వూఫరు కలిసి బ్యాటరీ నుంచి నేరుగా 150 మిల్లీ ఆంపియర్లు లాగుతున్నాయని తరువాత తేలింది. చూడటానికి అల్పమే, రోజుకు 3.6 ఆంపియర్ అవర్ల చొప్పున మూడు వారాల్లో 75 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఖాళీ అవుతుంది. ఇప్పుడు అన్నింటికీ తాళం తిప్పితేనే కలిసే రిలే స్విచ్చి ద్వారానే కరెంటు అందుతున్నది.

రేడియోను నిలుపుకోవాలని కూడా ఆశపడ్డాను. క్యాసెట్ ప్లేయరులోని మీడియం వేవ్ భాగం ఇంకా కొనఊపిరితో ఉన్నది. విశాఖ ఆకాశవాణి 927 కిలోహెర్ట్జ్ మీద ముల్లు పెడితే క్లాస్ డీ యాంప్లిఫయరు చేసే బుస్సు తప్ప ఏమీ వినబడలేదు. వదిలేశాను.

రేకు అదురును అణిచే డ్యాంపింగ్ షీట్లు ఆడియో సామగ్రి కిందికి రావని చాలామంది అనుకుంటారు. ఇంజను దిమ్మ, నేల, వెనుక గోడ లోపలివైపు వాటిని అంటించాక మాత్రమే అరవై కిలోమీటర్ల వేగంలో పాట సాహిత్యం అర్థమైంది. చవకని తారు షీట్లు మొదట వేస్తే మే నెలలో కరిగి కారి క్యాబినంతా తారు డ్రమ్ములా వాసన కొట్టింది. వాటిని గీకి తీయడానికి రెండు రోజులు పట్టింది. తరువాత అల్యూమినియం రేకు గల బ్యూటైల్ రబ్బరు షీట్లు వేశాం. షీటు కింద తుప్పు మిగిలితే అది కనబడకుండా రేకును తినేస్తుంది కనుక ముందుగా గీకి, తుప్పు నిరోధక ప్రైమరు కొట్టించాను. నా సలహా అడిగితే, డబ్బు తక్కువగా ఉన్నవారు సబ్ వూఫరు మానేసి ముందు ఈ పని చేయించుకోవాలి.

ఖర్చు లెక్క ఇది: యాంప్లిఫయరు 7,800, సబ్ వూఫరు 9,500, స్పీకర్లు, ట్వీటర్లు కలిపి 4,600, వైర్లు, ఫ్యూజు, రిలే 3,900, బ్యూటైల్ షీట్లు 8,400, కూలీలన్నీ కలిపి 6,500, వెరసి 40,700 రూపాయలు. తప్పుడు యాంప్లిఫయరు, అల్యూమినియం కేబులు, తారు షీట్ల కింద పోయిన 8,700 దీనికి అదనం. ఫిల్టరు, ఎక్సైటర్ల ఖర్చు ఇందులో వేయలేదు.

గత వేసవిలో సబ్ వూఫరు మళ్లీ గరగరమంటే విప్పి చూశాను. కోను చుట్టూ ఉండే ఫోము అంచు తేమకు పొడిపొడిగా రాలిపోయి ఉన్నది. రబ్బరు అంచు వేయించాను. మా వాతావరణానికి మొదటే రబ్బరు అంచు ఉన్నది చూసి కొనవలసింది. క్లీనరు సీటు ఎత్తితే కనిపించే ఆ పెట్టె ఒక్కటే నా రెండో షరతును తప్పింది. దాన్ని నాన్నగారి పాత టూల్ బాక్సు లోపలికి చేర్చాలని కొలతలు తీసి ఉంచాను. రెండు అంగుళాలు చాలడం లేదు.