రెండున్నర ఎకరాలకి కోత మిషను పెట్టించాం, ఎలా ఉందంటే

మాది నరసన్నపేట దగ్గర ఊరు. వంశధార కాలువ కింద రెండున్నర ఎకరాలు, రాగోలు వ్యవసాయ పరిశోధన స్థానం వాళ్ల శ్రీకాకుళం సన్నాలు అనే వరి రకమే వేశాం. ఇన్నేళ్లూ చేత్తో కోయించి, కుప్ప వేసి, సంక్రాంతి వెళ్లాక నూర్చేవాళ్లం. ఈ ఏడు మొదటిసారి చైన్ మిషను పెట్టించాం, అంటే చక్రాల బదులు గొలుసు పట్టాల మీద నడుస్తూ కోత, నూర్పు ఒకేసారి చేసేది. పక్క ఊళ్లో అద్దెకి తిప్పుతున్న బండి, నడిపేవాళ్లు ఇద్దరూ తమిళనాడు నుంచి సీజన్‌కి వచ్చిన కుర్రాళ్లు. పెట్టించాలా వద్దా అని చాలామంది అడుగుతున్నారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు డబ్బుల సంగతి. గంటకి 3,000 మాట్లాడుకున్నాం, మూడు గంటల ఇరవై నిమిషాల్లో అయిపోయింది, 10,000 ఇచ్చాం. కిందటేడు కోత, కట్ట, మోత, కుప్ప, నూర్పు అన్నీ కలిపి ఎకరాకే 14,000 దాటింది, అదీ మనుషుల కోసం వారం రోజులు ఇంటింటికీ తిరిగితే. మా వీధిలో కుర్రాళ్లెవరూ ఊళ్లో లేరు, విశాఖలోనో చెన్నైలోనో హైదరాబాదులోనో పనుల్లో ఉన్నారు, కోతకి వచ్చే ఆడవాళ్లంతా నలభై దాటినవాళ్లే. పైగా నవంబరు, డిసెంబరు అంటే తుఫాను టెన్షన్. కోసిన పనలు చేలో నీళ్లలో నాని, వెన్ను మీదే మొలకలు రావడం ఒకసారి చూసినవాళ్లు ఆ భయం మరిచిపోరు. ఈసారి సాయంత్రం నాలుగింటికల్లా ధాన్యం ట్రాక్టరు తొట్టిలో ఉంది. అమ్మ ఆ రాత్రి కంటినిండా నిద్రపోయింది, నా మటుకు ఆ ఒక్కదానికే 10,000 ఇవ్వొచ్చు.

పని బాగానే చేశారు. తాలు తక్కువ, గింజ శుభ్రంగా వచ్చింది. మొదటి రెండు చాళ్లలో మాత్రం నాకు అనుమానమొచ్చి వెనక పడ్డ గడ్డిని గుప్పెడు తీసి దులిపితే అరచేతిలో ముప్పై నలభై గింజలు రాలాయి. ఆ కుర్రాడికి చూపించాను, మిషనులో తాలు ఎగరగొట్టే ఫ్యాను గాలి తగ్గించాడు, తర్వాత పదికి మించలేదు. మీరూ మిషను వెనకే నడవండి, గట్టు మీద కూర్చుంటే నష్టం మనదే. మిషను దిగేచోటా మూలల్లోనూ ముందే చేత్తో కోసి ఉంచాలి, మేం ఉంచకపోవడంతో రెండు గట్లు తెగ్గొట్టుకుని వెళ్లింది.

నాకు నచ్చనిదల్లా తేమ సంగతి ముందు చెప్పకపోవడం. ప్రభుత్వ ధాన్యం కొనుగోలులో 17 శాతం తేమ దాటితే ఒప్పుకోరు. కుప్పలో నెల రోజులుంటే గింజ దానంతటదే ఆరుతుంది, మిషను గింజ పచ్చిగా వస్తుంది. టార్పాలిన్లు అద్దెకి తెచ్చి నాలుగు రోజులు ఎండబెట్టి, సాయంత్రమయ్యేసరికి కుప్ప చేసి కప్పి, పొద్దున్నే మళ్లీ పరిచాం. ఆ ఖర్చు, ఆ చాకిరీ లెక్కలో కలుపుకోండి. గడ్డి కూడా అంతే. నలిగి, మట్టిలో తొక్కుడు పడింది, మా ఆవులు మూతి పెట్టి వదిలేస్తున్నాయి.

ఇక డబ్బుల్లో రాని సంగతి ఒకటుంది. ఈ ఏడు మాకు కళ్లం లేదు, అంటే ధాన్యం నూర్చి కొలిచే చోటు. చిన్నప్పుడు కళ్లం అంటే పేడతో అలికిన నేల, పనల మీద గుండ్రంగా తిరిగి తొక్కడానికి బంతి కట్టిన ఎడ్లు, తూర్పారబట్టే చేటల చప్పుడు, తాతయ్య కుంచంతో కొలుస్తూ ఒకటి అనకుండా "లాభం, రెండు, మూడు" అని లెక్కపెట్టడం. కమ్మరి, వడ్రంగి, చాకలి, మంగలి అక్కడికే వచ్చి తమ మేర, అంటే ఏడాది పనికి ఇచ్చే ధాన్యం, తీసుకెళ్లేవారు. వాళ్లకి పొలం లేదు, కానీ ఏడాదంతా నాగలికి కర్రు వేసిందీ, బట్టలు ఉతికిందీ వాళ్లే.

మనిషి చరిత్ర మొత్తం ఆ కళ్లంలోనే ఉందనిపిస్తుంది నాకు. చైనాలో యాంగ్జీ నది పక్కన వరిని మచ్చిక చేసుకుని దాదాపు తొమ్మిది వేల ఏళ్లు. తిన్నాక మిగిలిన గింజని దాచడం వచ్చాకే, పొలం దున్నని మనిషి కూడా బతకగలిగాడు, కుండలు చేసేవాడు, పూజారి, సైనికుడు, రాజు అలా వచ్చినవాళ్లే. మెసొపొటేమియాలో ఉరుక్ నగరంలో ఐదు వేల ఏళ్ల కిందటి మట్టి పలకల మీద ఉన్న రాత చాలావరకు బార్లీ, పశువులు, కూలి గింజల లెక్కలే. అంటే రాత కూడా ధాన్యం కొలిచే చోటే పుట్టింది. గింజ ఎవరి చేతుల మీదుగా వెళ్తుందో మారిన ప్రతిసారీ ఊరు మారింది. 1830లో ఇంగ్లండులో కూలీలు నూర్పు మిషన్లు పగలగొట్టారు, ఎందుకంటే చలికాలమంతా వాళ్ల పొయ్యి వెలిగించేది ఆ నూర్పు పనే. 19 మందిని ఉరితీశారు, వందల మందిని ఓడలెక్కించి ఆస్ట్రేలియా పంపేశారు. మన దగ్గర అంత గొడవేమీ లేదు, కుర్రాళ్లు ముందే రైలెక్కేశారు కాబట్టి.

1966లో ఐఆర్ 8, 1982లో మార్టేరు పరిశోధన స్థానం నుంచి స్వర్ణ అనే పొట్టి వరి రకాలు రావడం కూడా ఇందులో భాగమే. వెనకటి పొడుగు వరికి ఎరువు ఎక్కువేస్తే పడిపోయేది, పడిన చేలో మిషను నడవడం కష్టం. పొట్టి వరి వచ్చి మా ఇళ్లల్లో మూడు పూటలా అన్నం పెట్టింది, నాన్న చిన్నప్పుడు రాత్రిళ్లు చోడి అంబలే. అందుకే మిషను వద్దని నేననను.

కోత అయిన మర్నాడు పొద్దున్నే వెనక వీధి ముసలమ్మ గంప పట్టుకుని చేలోకి వచ్చింది. ప్రతి ఏడూ మా చేలో పరిగె ఏరుకుంటుంది, రాలిన వెన్నులు ఏరి ఒకటి రెండు కుంచాలు చేసుకుంటుంది. ఈసారి వెన్నులే లేవు. ఉన్నవి గడ్డిలో, బురదలో విడి గింజలు, అవి వేళ్లకి దొరకవు. చేను ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి, "బాబూ, ఈసారి పరిగె నేదేటి?" అంది. అమ్మ ఇంట్లోంచి రెండు కుంచాలు కొలిచి ఇచ్చింది, తీసుకుంది, కానీ ఏరుకున్నప్పుడు ఉండే ముఖం కాదది.

నా మార్కులు ఐదుకి నాలుగు. ఒక మార్కు తేమ సంగతి దాచినందుకు తీసేశాను. వచ్చే ఏడు రెండు ఎకరాలకి మళ్లీ ఈ మిషనునే పిలుస్తాం. ఇంటి పక్కనున్న అర ఎకరం మాత్రం చేత్తో కోయించి కుప్ప వేస్తాం, విత్తనానికీ ఆవుల గడ్డికీ. కోతకి నలుగురు ఆడవాళ్లతో అమ్మ ఇప్పుడే మాట్లాడేసింది, ముసలమ్మకి కూడా కబురు పెట్టాం.