గడ్డకట్టిన ఎముకా, ఎండిన ఎముకా: ఏది మేలు?

నెల్లూరు వాళ్లకు ఈ లెక్క రొయ్యతో చెబితే ఇట్టే అర్థమవుతుంది. ఐసులో దాచిన రొయ్య ఒకటి, ఎండు రొయ్య మరొకటి. రోగి ఎముకలో పడిన లోటు పూడ్చడానికి వాడే దాత ఎముకను దాచే పద్ధతులూ ముఖ్యంగా ఈ రెండే. రోగి కటి ఎముక నుంచే తీసి వాడుకునే ముక్కకు ఏదీ సాటి రాదు, అందులో బతికున్న కణాలుంటాయి. కాకపోతే దొరికేది కొంచెం, ఆ గాయం నొప్పి అదనం. అది చాలనప్పుడే ఈ ప్రశ్న.

తుంటి కీలు మార్చేటప్పుడు తీసేసే తొడ ఎముక తలను దాత ఒప్పుకుంటే దాచుకోవచ్చు. మైనస్ 70–80 డిగ్రీల ఫ్రీజరులో 5 ఏళ్ల వరకు ఉంటుంది, బలం పెద్దగా తగ్గదు. చిక్కంతా కరెంటుతోనే. మే నెల ఒంగోలులో ఫ్రీజరు అలారం మోగితే అర్ధరాత్రయినా పరుగెత్తే మనిషి కావాలి. ఒకసారి కరిగినదాన్ని మళ్లీ గడ్డకట్టించకూడదు. రొయ్యల కంపెనీలో పనిచేసిన వాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఎండబెట్టడమంటే కొత్తపట్నం ఇసుకలో ఆరబోయడమని అనుకోకండి. ముందు గడ్డకట్టించి, గాలి లాగేసిన గదిలో పెడతారు. మంచు కరిగి నీరవకుండానే ఆవిరైపోతుంది. తర్వాత సీలు వేసి, క్రిములు చావడానికి సాధారణంగా 25 కిలోగ్రేల (కిరణాల మోతాదు కొలత) గామా కిరణాలు పట్టిస్తారు. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో 1988లో పెట్టిన కణజాల బ్యాంకు ఇలాంటివే తయారుచేస్తుంది. థియేటరులో మొదటిసారి ఆ పొట్లం విప్పినప్పుడు ముక్కలు మరమరాల్లా తేలిగ్గా ఉన్నాయి. సెలైనులో వేస్తే సన్నని బుడగలు వదులుతూ మెల్లగా మునిగాయి. సరిగా నానకముందే బిగిస్తే పెళుసుగా విరుగుతాయి.

కణితి గోకిన గుంత పూడ్చడానికి మన ఊళ్ల ఆసుపత్రులకు ఎండుదే మేలంటాను, మామూలు అలమరలో పడి ఉంటుంది. తొడ ఎముకలో బెత్తెడు ముక్క పోయి, బరువు మోయాల్సి వస్తే మాత్రం ఫ్రీజరు ఎముకే. దానికి రోగిని చెన్నై పంపినా తప్పులేదు.

ఫ్రీజరు ఎముకకు ఇంకో తిప్పలుంది. కిరణాలు పట్టించకుండా వాడాలంటే, దాతకు హెచ్‌ఐవీ, కామెర్ల వైరస్ పరీక్షలు 6 నెలలు ఆగి మళ్లీ చేయడం పాత ఆనవాయితీ. తుంటి మార్పించుకుని ఈలోగా హాయిగా నడుస్తున్న ఉదయగిరి పెద్దాయన రక్తం ఇవ్వడానికి మళ్లీ బస్సెక్కి రాకపోతే, ఆయన ఎముక ఆసుపత్రి వ్యర్థాల పసుపు సంచిలోకే.