నాలుగేళ్ల కాంట్రాక్ట్, కొసరుగా పోయిన పిక్: సాలరీ క్యాప్ ఫాంటసీ లీగ్‌లో ఆరు సీజన్లు

2019 ఆగస్టులో ఒక శనివారం రాత్రి, డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఒక ఫ్రెండ్ ఇంట్లో మా ఫాంటసీ లీగ్ మొదటి వేలం జరిగింది. అమెరికన్ ఫుట్‌బాల్ అసలు ప్లేయర్లతో ఉత్తుత్తి టీములు కట్టి, మ్యాచ్‌ల్లో వాళ్ల ఆటకి వచ్చే పాయింట్లతో పోటీపడే ఆట ఇది. మొత్తం పన్నెండు టీములు. ఐదుగురం తెలుగువాళ్లం, మిగతా ఏడుగురూ ఆఫీసులో కలిసి పనిచేసే అమెరికన్లు. ఒక్కో టీముకి క్యాప్, అంటే జీతాలకి పెట్టగల గరిష్ఠ మొత్తం, 200 డాలర్లు, ఉత్తుత్తి డాలర్లే. బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్ క్రిస్టియన్ మెక్‌కాఫ్రీ పేరు రాగానే పాట వేడెక్కింది. 40 దాటింది, 50 దాటింది, 58 దగ్గర అందరూ ఆగిపోయారు. మెక్‌కాఫ్రీ నాకొచ్చాడు. వెంటనే స్క్రీన్ మీద చిన్న పెట్టె తెరుచుకుంది. కాంట్రాక్ట్ ఎన్నేళ్లు? 1, 2, 3, 4. నేను 4 నొక్కాను.

"అన్నా, రన్నింగ్ బ్యాక్‌కి నాలుగేళ్లా?" అన్నాడు పక్కన కూర్చున్న తమ్ముడు.

"ఇంకా 23 ఏళ్లే కదరా" అన్నాను.

ఆ నిర్ణయం నన్ను 2023 దాకా వెంటాడింది. ఆరు సీజన్లు పూర్తయ్యాక ఈ సమీక్ష రాయడానికి ముఖ్య కారణం అదే. ఈ రకం లీగ్‌లో తప్పు అక్కడితో పోదు, లెక్కలోకి ఎక్కి కూర్చుంటుంది. నాకు ఈ ఆట ఇంతగా నచ్చిందీ అందుకే.

తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. మామూలు ఫాంటసీ ఫుట్‌బాల్‌లో ఏటా పలక తుడిచి మళ్లీ మొదలుపెడతారు. సాలరీ క్యాప్ లీగ్‌లో ప్లేయర్ మన దగ్గరే ఉంటాడు, వాడి జీతం ప్రతి ఏడాదీ మన క్యాప్‌లోంచి పోతుంది. ఐపీఎల్ వేలం చూసేవాళ్లకి పర్స్ సంగతి తెలుసు కాబట్టి సగం అర్థమైనట్టే. మిగతా సగం డ్రాఫ్ట్. కాలేజీ నుంచి కొత్తగా వచ్చేవాళ్లని వేలంలో కాకుండా వరస ప్రకారం ఎంచుకుంటాం, కిందటేడు వెనకబడ్డ టీముకి ముందు అవకాశం. అలా ఎంచుకునే ఒక్కో అవకాశాన్ని పిక్ అంటారు. అమెరికా అసలు ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లోనే ఇలా ఉంటుంది. అక్కడ 1994లో క్యాప్ పెట్టినప్పుడు టీముకి 3.46 కోట్ల డాలర్లు, 2025లో 27.92 కోట్లు.

మా రూల్స్‌లో రెండు గుర్తుపెట్టుకోవాలి. ఒకటి, కాంట్రాక్ట్ ఉన్నవాణ్ని వదిలేస్తే మిగిలిన ఏళ్ల జీతంలో సగం మన క్యాప్ మీదే ఉండిపోతుంది. దాన్ని డెడ్ మనీ అంటారు. రెండు, డ్రాఫ్ట్‌లో వచ్చినవాడి జీతం ముందే ఖాయం. మొదటి పిక్‌కి 12 డాలర్లు, రెండోదానికి 11, అలా తగ్గుతూ వెళ్లి రెండో రౌండ్ నుంచి ఎవరైనా 1 డాలరే. మూడేళ్లు అదే ధర. నాలుగో ఏడు కావాలంటే రెట్టింపు.

మెక్‌కాఫ్రీ 2019లో పరుగులో 1,387 గజాలు, క్యాచ్‌లతో 1,005 గజాలు సంపాదించాడు. ఒకే సీజన్‌లో రెండిట్లోనూ వెయ్యి దాటినవాళ్లలో చరిత్రలో మూడోవాడు. ఆ ఏడాది మా లీగ్ టైటిల్ నాదే. తర్వాత 2020లో గాయాలతో మూడు మ్యాచ్‌లే ఆడాడు, 2021లో ఏడు. రెండేళ్లు నా క్యాప్‌లో పావు వంతుకి పైగా బెంచీ మీద కూర్చుంది. 2022 వేసవిలో ఇక నా వల్ల కాలేదు. 58 డాలర్ల జీతంతో వాణ్ని తీసుకునేవాడు దొరకలేదు, వదిలేశాను. 29 డాలర్ల డెడ్ మనీ పడింది. అదే ఆగస్టు వేలంలో ఇంకో టీము వాణ్ని 37కి పాడుకుంది. అక్టోబర్‌లో, అసలు ఎన్ఎఫ్ఎల్‌లో, కరోలైనా వాళ్లు మెక్‌కాఫ్రీని శాన్ ఫ్రాన్సిస్కోకి ట్రేడ్ చేశారు, అక్కణ్నుంచి మళ్లీ పాత మెక్‌కాఫ్రీ అయ్యాడు. 2023లో ఎన్ఎఫ్ఎల్ ఆఫెన్సివ్ ప్లేయర్ ఆఫ్ ది ఇయర్ కూడా అతనే.

దురదృష్టం అని చాలామంది ఓదార్చారు. నేను ఒప్పుకోను, అది లెక్క తప్పడం. వదిలేసినా 29 ఎలాగూ పోతుంది. అంటే ఉంచుకోవడానికి నాకు అదనంగా అయ్యేది 58 కాదు, 29 మాత్రమే. బయట మార్కెట్‌లో వాడి ధర 37. మార్కెట్ కంటే 8 డాలర్లు తక్కువకి దొరుకుతున్న ప్లేయర్‌ని, "58" అన్న అంకె చూసి టెన్షన్ పడి నేనే బయటికి పంపాను. ఇప్పుడు నా గూగుల్ షీట్‌లో ప్రతి పేరు పక్కన 'ఉంచితే అదనంగా ఎంత' అని ఒక కాలమ్ పెట్టుకున్నాను. జీతం కాలమ్ కంటే ముందు దాన్నే చూస్తాను. ఈ ఫార్మాట్‌లోకి కొత్తగా దిగేవాళ్లు ఇంకేదీ పట్టించుకోకపోయినా ఇదొక్కటీ చేయండి.

కథ అక్కడితో అయిపోలేదు. ఆ 29 వల్ల 2022 సీజన్ మధ్యలో నాకు ఒక రన్నింగ్ బ్యాక్ అవసరం పడ్డప్పుడు క్యాప్‌లో 2 డాలర్లే మిగిలాయి. చోటు చేసుకోవడానికి 9 డాలర్ల పాత రిసీవర్‌ని (విసిరిన బంతి అందుకునేవాణ్ని) ఆఫీసు ఫ్రెండ్‌కి అంటగట్టాను. ఊరికే ఎవరు తీసుకుంటారు? 2023 మూడో రౌండ్ పిక్ కొసరుగా ఇచ్చాను. మూడో రౌండ్‌లో ఏముంటుందిలే అనుకున్నాను. మరుసటి ఏడాది మే నెలలో ఆ పిక్‌తో అతను పుకా నకువాని తీసుకున్నాడు. అసలు ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్‌లో 177వ స్థానంలో లాస్ ఏంజెలెస్ రామ్స్ టీము ఎంచుకున్న కుర్రాడు. మొదటి ఏడాదే 105 క్యాచ్‌లు, 1,486 గజాలు, రెండూ అప్పటికి రూకీ (మొదటి ఏడాది ప్లేయర్ల) రికార్డులు. జీతం ఏడాదికి 1 డాలర్, మూడేళ్లు. వేలంలో నొక్కిన 4 అలా తిరిగి తిరిగి నా నకువాని కూడా పట్టుకుపోయింది. అప్పట్నుంచి పిక్‌ని కొసరుగా ఇవ్వడం మానేశాను. కావాలంటే ధర కట్టి, ఇంకేదైనా తీసుకుని ఇస్తాను.

అలాగని పిక్ అంటే బంగారం అని కూడా అనను. 2021లో శాన్ ఫ్రాన్సిస్కో మూడో స్థానంలో తీసుకున్న ట్రే లాన్స్‌ని మా లీగ్‌లో ఒకతను ఎంతో ఆశతో ఎంచుకున్నాడు. రెండేళ్లు తిరిగేసరికి వాణ్ని ఇక్కడ మా డల్లాస్‌కే నాలుగో రౌండ్ పిక్‌కి ఇచ్చేశారు. శాన్ ఫ్రాన్సిస్కోలో వాడి చోట చివరికి ఆడింది 2022లో 262వ, అంటే ఆఖరి స్థానంలో వచ్చిన బ్రాక్ పర్డీ. కానీ లాన్స్ మీద మావాడికి పోయింది ఏడాదికి 6 డాలర్లే, అందువల్ల టీము కుప్పకూలలేదు. పిక్ బలం అక్కడుంది. గెలిస్తే చవక, ఓడినా చవక.

అదే 2021 డ్రాఫ్ట్‌లో రెండో పిక్ నాది. 11 డాలర్లకి రిసీవర్ జమార్ చేజ్‌ని తీసుకున్నాను. ప్రీసీజన్‌లో బంతులు చేజారుస్తుంటే ట్రేడ్ చేసేయమని ఫోన్లు వచ్చాయి. ఆగాను. మొదటి సీజన్‌లో 1,455 గజాలు. నాలుగో ఏడాది, 2024లో, 22 డాలర్ల జీతానికి 127 క్యాచ్‌లు, 1,708 గజాలు, 17 టచ్‌డౌన్లు, మూడిట్లోనూ ఎన్ఎఫ్ఎల్‌లో మొదటి స్థానం. ఆ ఏడు అలాంటి రిసీవర్ మా వేలంలో 50కి తక్కువ పలకలేదు. ఆ మిగులుతోనే మిగతా టీము కట్టుకున్నాను.

నచ్చనివీ ఉన్నాయి. 2021 తర్వాత ఇద్దరు లీగ్ వదిలి వెళ్లిపోయారు. వాళ్ల టీముల్లో ఒకదాని మీద 46 డాలర్ల డెడ్ మనీ. చేయని అప్పు కొత్తగా వచ్చేవాడు ఎందుకు మోయాలి? పెద్ద గొడవ జరిగి చివరికి సగం మాఫీ చేశాం. ఈ రూల్ మొదటి రోజే రాసి పెట్టుకోండి. ముందు పిక్ కోసం కావాలని ఓడిపోయే బెడద కూడా ఉంటుంది. మేం ఇప్పుడు గెలుపోటములు చూడకుండా, ఆ టీము బెస్ట్ లైనప్ పెట్టి ఉంటే వచ్చే పాయింట్ల ప్రకారం వరస నిర్ణయిస్తున్నాం. మంచివాళ్లని బెంచీ మీద కూర్చోబెట్టి లాభం లేదు.

టైమ్ కూడా తింటుంది. సీజన్‌లో వారానికి మూడు గంటలు పెట్టలేనివాళ్లకి, ఆట ఇంకా కొత్తగా ఉన్నవాళ్లకి నేను ఇది చెప్పను. ఒకటి రెండేళ్లు మామూలు లీగ్ ఆడి, సీజన్ అయిపోగానే వెలితిగా అనిపించేవాళ్లు మాత్రం తప్పక దిగండి. నాకు మార్చి, ఏప్రిల్ నెలలే ఎక్కువ ఇష్టమయ్యాయి. ఒక్క మ్యాచ్ ఉండదు, కానీ షీట్ ముందు కూర్చుంటే గంటలు తెలియవు.

చేజ్ కాంట్రాక్ట్ అయిపోయి మొన్న వేలానికి వచ్చాడు. 61కి మళ్లీ నేనే పాడుకున్నాను. ఆ పాత చిన్న పెట్టె మళ్లీ తెరుచుకుంది. తమ్ముడు ఈసారి ఏమీ అనలేదు, నా స్క్రీన్ వైపు వంగి చూశాడు. 2 నొక్కాను.