ప్రకాశం బ్యారేజీ గేట్లున్న నా బాస్కెట్‌బాల్ షూ: చాన్నాళ్లు ఆడాక

ఏడో తరగతిలో లెక్కల నోట్సు చివరి పేజీలో గీసుకున్న షూ ఇది. పక్కల మీద ప్రకాశం బ్యారేజీ గేట్లు, చీలమండ దాటిన కాలర్, ఎర్ర సోల్. పెద్దయ్యాక ఆ పేజీని ఫొటో తీసి ఆగ్రాలోని ఒక చిన్న షూ యూనిట్‌కి పంపితే, నిజంగానే చేసిచ్చారు. అప్పటి నుంచి విజయవాడ సిమెంటు కోర్టుల మీద ఎండాకాలాలతో సహా దీంతోనే ఆడుతున్నాను.

ముందు గేట్ల సంగతి చెప్పాలి, ఈ షూకి ప్రాణం అవే. నేను గీసినప్పుడు అవి ఉత్త అలంకారం. ప్యాటర్న్ కట్ చేసే ఆయన మాత్రం ఒక్కో గేటునీ ఒక్కో నైలాన్ పట్టీగా మార్చారు. పట్టీ కింది కొస సోల్‌కీ పైభాగానికీ మధ్య బిగించి ఉంటుంది, పై కొసలో లేసు దూరే కన్నం. లేసు లాగితే పట్టీలన్నీ అడుగు నుంచి పాదాన్ని పట్టుకుంటాయి. పరుగులో ఉన్నట్టుండి పక్కకి తిరిగినా పాదం లోపల జారదు. బ్యారేజీకి 70 గేట్లు, షూకి పక్కకి ఆరు చాలాయి. బొమ్మలో ఉన్నది ఆటలో ఇంతగా పనికొస్తుందని నేను ఊహించలేదు. ఇప్పటికీ లేసు కట్టుకునేటప్పుడు వాటిని ఓసారి తడిమి చూసుకుంటాను.

కాలర్ ఎత్తు తగ్గించారు. మొదట బాధేసింది. కానీ ఎత్తు కాలర్ ఉంటే చీలమండ బెణకదన్న నమ్మకానికి గట్టి ఆధారం లేదు. 1993లో అమెరికాలో కాలేజీ ఆటగాళ్ల మీద చేసిన ఒక అధ్యయనంలో ఎత్తు షూకీ, పొట్టి షూకీ పెద్ద తేడా కనిపించలేదు. అమెరికా స్టార్ ఆటగాడు కోబీ బ్రయంట్ కూడా 2008-09 సీజన్‌లో పొట్టి కాలర్ షూతో ఆడాడు. నాకైతే ఇప్పుడు దూకి దిగేటప్పుడు చీలమండ స్వేచ్ఛగా కదులుతోంది.

షూకి ఆకారమిచ్చే అచ్చు కూడా నా పాదం కొలతలతోనే చేయించాను. బజార్లో కొన్న షూలలో వేళ్ల దగ్గర ఎప్పుడూ ఇరుకే. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ (సీఎల్ఆర్ఐ) లక్ష మందికి పైగా పాదాలు కొలిచి, మనవాళ్ల పాదాలు వెడల్పని తేల్చింది. ఈ జత వేసుకున్నాక చిటికెన వేలు ఒరుసుకోవడం ఆగిపోయింది.

సోల్ కింద చేప ముల్లు గీతలు. దుమ్ము ఆ గాళ్లలోకి పోతుంది కాబట్టి పట్టు బాగుంటుంది. మధ్యమధ్యలో తడిగుడ్డతో తుడిస్తే ఇంకా మేలు. రబ్బరు కాస్త గట్టిదే అడిగి వేయించాను, మెత్తదైతే సిమెంటు మీద ఇట్టే అరిగిపోతుంది. అయినా బొటనవేలి మొదట్లో, కాలు తిప్పే చోట, గీతలు దాదాపు చెరిగిపోయాయి. మడమ దగ్గర చెక్కు చెదరలేదు.

లోపాలు రెండు. మే నెల ఎండకి కుడి షూ ముందు భాగంలో జిగురు వదిలింది. ఇక్కడే అతికించి చుట్టూ కుట్టు వేయించాక మళ్లీ ఊడలేదు. రెండోది, సోల్ మధ్యలో దెబ్బని ఆపే ఈవీఏ అనే మెత్తటి నురగ అణిగిపోయింది. రీబౌండ్‌కి, అంటే రింగుకి తగిలి వెనక్కొచ్చే బంతికి, లేచి దిగినప్పుడు దెబ్బ మోకాలికి తెలుస్తోంది.

ఖర్చు మంచి కంపెనీ జతకి రెట్టింపు దాటింది. ఇండోర్ కోర్టుల్లో, అదీ అప్పుడప్పుడూ ఆడేవాళ్లకి అంత పెట్టమని చెప్పను. పాదం వెడల్పుగా ఉండి, రోజూ సిమెంటు మీద ఆడేవాళ్లకైతే తప్పకుండా చెబుతాను. రెండో జతకి ఆర్డర్ ఇచ్చేశాను. నురగ మందం పెంచమన్నాను, కుట్టు మొదటే వేయమన్నాను. గేట్ల జోలికి మాత్రం పోవద్దన్నాను.