డోర్ లైటు ఆరకపోతే స్కానరా, మల్టీమీటరా, టెస్ట్ ల్యాంపా?

‘అన్నా, డోర్లన్నీ గట్టిగానే వేశాం. అయినా డ్యాష్‌బోర్డు మీద డోర్ గుర్తు ఆరడం లేదు. స్కానర్ పెట్టించాలా, లాకే మార్చేయమంటావా?’ ఈ రెండు నెలల్లో నన్ను ఈ మాట అడిగినవాళ్లు నలుగురు. ఈ మధ్యే నా కారుకూ ఇదే జబ్బు చేసింది కాబట్టి, చేత్తో పట్టుకుని చూసిన సంగతే చెబుతాను.

మాది అలిపిరి తనిఖీ దగ్గర మొదలైంది. డోర్లు, డిక్కీ తెరిచి చూపించి, మళ్లీ వేసి బయల్దేరాం. ఎర్ర గుర్తు పోలేదు. కొండెక్కే దాదాపు 18 కిలోమీటర్లూ మలుపు తిరిగినప్పుడల్లా అది ఆరడం, వెలగడం, బీప్‌మనడం. వెనక సీట్లో పిల్లలు, కింద లోయ. ఆ టెన్షన్ పడినవాళ్లకే తెలుస్తుంది. కిందికొచ్చాక ఒక షెడ్డులో చూపిస్తే, లాక్ సెట్టు మొత్తం మార్చాలన్నారు. ఏమీ విప్పకుండానే! మార్చనివ్వలేదు, వోల్టులు, వైరు కలిసిందా తెగిందా చూపించే మల్టీమీటర్ కొనుక్కున్నాను.

ముందు స్కానర్ సంగతి, అంటే కారు కంప్యూటర్లలో పడ్డ తప్పుల కోడ్‌లు చదివే పరికరం. చవగ్గా దొరికే బ్లూటూత్ స్కానర్లు ఎక్కువగా ఇంజిన్ కోడ్‌ల వరకే చదువుతాయి. డోర్ల లెక్క చూసేది బాడీ కంట్రోల్ మాడ్యూల్ అనే వేరే కంప్యూటర్ పెట్టె. దాన్ని చదవాలంటే షెడ్డుల్లో ఉండే పెద్ద స్కానరే కావాలి. అది ‘వెనక కుడి డోర్ తెరిచి ఉంది’ అని చూపిస్తుంది. ఏ డోరో తెలియడం మేలే. కానీ మాడ్యూల్ ఏమనుకుంటోందో అదే స్కానర్ చూపించేది. డోర్ స్విచ్ ఇరుక్కుపోయినా, వైరు ఒరుసుకుని ఎర్త్ (బ్యాటరీ నెగెటివ్‌కు కలిసి ఉండే కారు ఇనుప బాడీ) తగిలినా మాడ్యూల్‌కు ఒకటే: డోర్ తెరిచి ఉంది. మనకు తేల్చాల్సిన ప్రశ్న స్విచ్చా, వైరా అని. ఖర్చంతా దాని మీదే తేలుతుంది.

దాన్ని విడదీసేది మల్టీమీటరే. చాలా కార్లలో డోర్ తెరిస్తే స్విచ్ కలిసి సిగ్నల్ వైరును ఎర్త్‌కు కలుపుతుంది. వేస్తే విడిపోతుంది. అలాంటి కారులో డోర్ వేసి ఉన్నా గుర్తు వెలుగుతుంటే, ఆ డోర్ స్విచ్ కప్లర్ (వైర్లను స్విచ్‌కు కలిపే ప్లాస్టిక్ ప్లగ్గు) పీకి చూడండి. గుర్తు ఆరిందా, తప్పు స్విచ్‌దే. ఆరలేదా, కప్లర్‌కూ మాడ్యూల్‌కూ మధ్య వైరు ఎక్కడో ఎర్త్ తగులుతోంది. కొన్ని కార్లలో ఈ పద్ధతి తిరగబడి ఉంటుంది. అందుకే బాగున్న పక్క డోర్ మీద ముందు ఒకసారి చేసి చూసుకోండి.

నా కారులో కప్లర్ పీకినా గుర్తు ఆరలేదు. బ్యాటరీ నెగెటివ్ తీసేసి, మీటరును బీప్ మీద (రెండు కొనలకూ మధ్య దారి కలిస్తే మోగేలా) పెట్టి, ఒక కొన సిగ్నల్ వైరుకు, ఇంకొకటి ఎర్త్ కోసం బాడీ మీద పెయింట్ లేని బోల్టుకు ఆనించాను. డోర్‌ను వేలెడు వేలెడుగా కదిపాను. సగం తెరిచినప్పుడు నిశ్శబ్దం. ఇంకాస్త మూసేసరికి బీప్. మళ్లీ తెరిస్తే ఆగింది. కీలు పక్కన పిల్లర్ నుంచి డోర్‌లోకి వెళ్లే రబ్బరు గొట్టం వెనక్కి లాగి చూస్తే, రెండు వైర్లు ఒకే చోట మడతపడి తోలు పోయి ఉన్నాయి. రాగి తళతళ మెరుస్తోంది. ఒకటి ఆ సిగ్నల్ వైరు, రెండోది నల్లది, ఎర్త్ వైరు. కొత్త లాక్ వేసినా ఆ గుర్తు అలాగే వెలిగేది.

మీటరుతో నిలబెట్టి కొలిస్తే చాలదు. డోర్ కదులుతుండగా కొలవాలి. వచ్చి పోయే జబ్బు కదిపినప్పుడే దొరుకుతుంది. నా లెక్కలో మిగతావాటి కన్నా మీటరు గెలిచేది ఇక్కడే. నేను కొన్నది 450 రూపాయలు.

టెస్ట్ ల్యాంప్, అంటే వైరుకు ఆనించి కరెంటు చూసే చిన్న బల్బు, మన ఎలక్ట్రీషియన్లకు చెయ్యి తిరిగిన పనిముట్టు. ఫ్యూజ్‌కు కరెంటు వస్తోందా, ఎర్త్ వైరు సరిపడా కరెంటు మోస్తోందా చూడడానికి మీటరు కన్నా నయం. తెగీ తెగని వైరు మీద మీటరు 12 వోల్టులు చూపించి మోసం చేయవచ్చు, బల్బు మాత్రం వెలగదు. కానీ డోర్ సిగ్నల్ వైరు మీద వద్దు. అందులో పారేది చాలా తక్కువ కరెంటు, బల్బు వెలగదు. పైగా బల్బు ఆ వైరును ఎర్త్ వైపు లాగి డోర్ తెరిచినట్టు మాడ్యూల్‌ను నమ్మిస్తుంది. పసుపు తొడుగున్న వైర్లు, కప్లర్ల జోలికి ల్యాంప్‌తో గానీ మీటరుతో గానీ వెళ్లవద్దు, అవి ఎయిర్‌బ్యాగ్‌వి.

నేరుగా పార్టు మార్చడమా? పిల్లర్ మీద పుల్ల స్విచ్ (డోర్ వేస్తే లోపలికి నొక్కుకునేది) ఉండే పాత కార్లకైతే సరే, చవక. లాక్ లోపలే స్విచ్ ఉండే కార్లకు వద్దు.

ఆలస్యం మాత్రం చేయకండి. డోర్ తెరిచి ఉందనుకుని వెలిగే లోపలి 5 వాట్ల లైటు దానంతటదే ఆరని కారైతే 0.4 ఆంపియర్ తాగుతుంది. రెండు రోజులు వదిలేస్తే 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ సగానికి పైగా ఖాళీ.

వైరు అతికేటప్పుడు అతుకు మడత పడే చోట రాకుండా చూడండి. సోల్డర్ చేసిన చోట వైరు బిగుసుకుపోయి, డోర్ తెరిచి మూసేకొద్దీ దాని పక్కనే మళ్లీ తెగుతుంది. నేను కొంచెం పొడుగు వైరు తీసుకుని రెండు అతుకులూ గొట్టం బయటికి జరిపి, వేడి చేస్తే బిగుసుకునే హీట్ ష్రింక్ తొడుగు వేశాను. ఇక స్విచ్చూ వైరూ రెండూ బాగున్నాయని మీటరు తేల్చి, అయినా గుర్తు ఆరకపోతే, అప్పుడు పెద్ద స్కానర్ ఉన్న చోటికి వెళ్లండి.