క్యోటో నిషికి బజారు: సంచి పట్టుకుని వెళ్లవలసిన చోటు

జపాన్‌లోని క్యోటో నడిబొడ్డున, షిజో అనే పెద్ద వీధికి ఒక వీధి ఉత్తరంగా, సుమారు 390 మీటర్ల పొడవున సాగే సన్నటి సందు నిషికి బజారు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ పలకల పైకప్పు కింద ఇరువైపులా వందకు పైగా దుకాణాలు ఒకదానినొకటి ఆనుకుని ఉంటాయి. ఇక్కడికి వచ్చే విదేశీయులలో చాలామంది పుల్లకు గుచ్చిన చిరుతిండి తిని, ఫొటోలు తీసుకుని వెళ్లిపోతారు. నా అభిప్రాయంలో ఈ బజారును ఆ విధంగా చూడడం దానికి అన్యాయం చేయడమే. ఇది క్యోటో వంటిళ్లకు, భోజనశాలలకు సరుకులు అందిస్తూ వచ్చిన అంగడి. ఇంటికి సరుకులు కొనడానికి వచ్చినవారి దృష్టితో నడిచినప్పుడే దీని విలువ తెలుస్తుంది.

ఈ సందులో బజారు వెలియడానికి కారణం భూగర్భ జలం. మంచుపెట్టెలు లేని కాలంలో, ఏడాది పొడవునా చల్లగా ఉండే బావి నీటి వల్ల చేపలు చెడకుండా నిలవ ఉండేవి. 1615లో ఇక్కడి చేపల వ్యాపారులకు అధికారికంగా అనుమతి లభించింది. తూర్పు చివర ఉన్న నిషికి తెన్మాంగు ఆలయంలో ఆ ఊట నీరు ఇప్పటికీ పారుతోంది. బాటసారులు దోసిలి పట్టి తాగుతారు. 1716లో ఈ వీధిలోని ఒక కూరగాయల టోకు వర్తకుడి ఇంట పుట్టిన ఇతో జకుచు జపాన్ మహా చిత్రకారులలో ఒకరయ్యాడు. బుద్ధుని మహాపరినిర్వాణ దృశ్యంలో బుద్ధుని స్థానంలో ఒక ముల్లంగిని పడుకోబెట్టి, చుట్టూ శోకిస్తున్న కూరగాయలను చిత్రించిన వాడతడు. దుకాణాలు మూసిన తరువాత వెళితే, వాటి షట్టర్ల మీద అతని బొమ్మలు కనిపిస్తాయి.

చిరుతిండి సంగతి ముందే చెప్పి ముగిస్తాను. చిన్న ఆక్టోపస్ తలలో కౌజుపిట్ట గుడ్డు కూరి, తీపి సోయా రసంలో ఉడికించి పుల్లకు గుచ్చి ఇచ్చేది ఇక్కడ బాగా పేరున్న తిండి. మాంసాహారులు ఒకసారి రుచి చూడవచ్చు. మిగిలిన పీత కాళ్లు, గొడ్డు మాంసపు పుల్లలు పర్యాటకుల కోసం వెలసినవి. ధర ఎక్కువ, ప్రత్యేకత తక్కువ. నడుస్తూ తినవద్దని బజారువారే బోర్డులు పెట్టారు. కొన్న దుకాణం ముందు నిలబడి తిని, ఖాళీ పుల్లను, కాగితాన్ని ఆ దుకాణానికే తిరిగి ఇవ్వాలి. వీధిలో చెత్తడబ్బాలు దాదాపు కనిపించవు కనుక ఈ నియమాన్ని మర్యాదగానే కాక, సౌకర్యంగా కూడా భావించవచ్చు.

నేను ఎక్కువసేపు ఆగేది ఊరగాయల దుకాణాల దగ్గర. తెలుగువారికి ఊరగాయ అంటే నూనె, కారం, ఆవపిండి; ఇక్కడ ఆ మూడింటిలో ఒక్కటీ ప్రధానం కాదు. ప్రధానంగా ఉప్పు, బరువు, కాలం అనే మూడింటితో వీరు పని జరుపుతారు. చెక్క తొట్లలో తడి తవుడు నింపి, అందులో ముల్లంగి, దోస, వంకాయ పాతిపెడతారు. తవుడు అంటుకుని ఉన్న కాయలను అలాగే అమ్మకానికి పెట్టడం ఇక్కడ మామూలు దృశ్యం. వంకాయను షిసో అనే ఎర్రటి సువాసన ఆకుతో ఊరవేసిన షిబజుకె ముదురు ఊదా రంగులో ఉండి, పుల్లగా, కరకరలాడుతూ ఉంటుంది. చలికాలంలో వచ్చే సెన్మైజుకె కోసం షోగొయిన్ అనే పెద్ద టర్నిప్‌ను (ముల్లంగిని పోలిన గుండ్రటి దుంపను) కాగితమంత పలుచటి చక్రాలుగా కోసి, కొంబు అనే సముద్రపు నాచుతో కలిపి ఊరబెడతారు. టర్నిప్ జాతికే చెందిన సుగుకిని ఉప్పు తప్ప మరేమీ వేయకుండా పులియబెడతారు. దాని పులుపు మన పెరుగు పులుపుకు దగ్గరగా ఉంటుంది, అందువల్ల ఉత్త అన్నంలోకి ఎంతో బాగుంటుంది. చాలా చోట్ల చిన్న ముక్కలు రుచికి పెడతారు. అయితే ఆవకాయలా ఇవి ఏడాది నిలవ ఉండవు. ఎక్కువ వాటిని ఫ్రిజ్‌లో ఉంచి కొద్ది రోజులలో తినాలి. ఊరికి తీసుకువెళ్లదలచినవారు గాలి తీసి ప్యాక్ చేసినవాటిని మాత్రమే ఎంచుకుని, వాటి మీది తేదీ చూసుకోవడం మంచిది.

శాకాహారులకు ఒక ముఖ్యమైన హెచ్చరిక అవసరం. జపాన్ వంటలో దాషి అనే రసం అన్నిటికీ మూలం. అందులో చాలాసార్లు కత్సువొ అనే ఎండుచేప తురుము ఉంటుంది. నిషికిలో ఎంతో పేరున్న, పొరలు పొరలుగా చుట్టిన మెత్తని గుడ్డు అట్టులోనూ, చూడడానికి అచ్చంగా కూరగాయే అనిపించే కొన్ని ఊరగాయలలోనూ కూడా అది ఉండవచ్చు. కాబట్టి పొట్లం మీది దినుసుల పట్టికను ఫోన్ కెమెరాతో అనువదించి చూసుకోవడమో, కత్సువొ ఉందా అని దుకాణంలో అడగడమో తప్పనిసరి. నిశ్చింతగా తినదగినవి కూడా ఇక్కడ ఉన్నాయి. సోయా పాలు కాచినప్పుడు పైన కట్టే మీగడను తీసి అమ్మే యుబా వాటిలో ఒకటి. తాజాదానికి మెత్తదనం, సహజమైన తీపి ఉంటాయి. గోధుమలోని జిగురుతో చేసే ఫు మరొకటి. ఫుకా అనే దుకాణంలో నాచు కలిపిన ఫు లోపల చిక్కుడుజాతి గింజల తీపి ముద్దను పెట్టి, వెదురుజాతి ఆకులో చుట్టి ఇచ్చే ఫుమంజు, ఈ బజారులో నాకు అన్నిటికన్నా నచ్చిన తినుబండారం. చల్లగా, జారుతున్నట్లుండే ఆ పొరను కొరికినప్పుడు ముందుగా ఆకు వాసన, తరువాత తీపి తెలుస్తాయి.

తినే వస్తువులు కానివాటిలో అరిత్సుగు కత్తుల దుకాణం గురించి చెప్పాలి. 1560లో ఖడ్గాలు చేసే కమ్మరుల కుటుంబంగా మొదలైన ఈ సంస్థ నేడు వంటింటి కత్తులకు ప్రసిద్ధి. కత్తి కొన్నవారి పేరును పనివారు అక్కడికక్కడే చిన్న ఉలితో దాని మీద చెక్కి ఇస్తారు. కార్బన్ ఉక్కు కత్తి అద్భుతంగా కోస్తుంది కానీ, నిమ్మ, టమాటా కోసిన వెంటనే కడిగి తుడవకపోతే తుప్పు పడుతుంది. ఆ ఓపిక లేనివారు తుప్పు పట్టని రకం అడగడం మేలు. కత్తి ఖరీదు భారమనిపిస్తే, క్యారెట్‌ను పువ్వులుగా, ఆకులుగా కోసే చిన్న లోహపు అచ్చులు ఉన్నాయి. కానుకగా ఇవ్వడానికి అవి చక్కగా ఉంటాయి. విమానంలో కత్తిని చేతి సంచిలో కాక, అప్పగించే సామానులోనే పెట్టాలి.

బేరమాడే పద్ధతి ఇక్కడ లేదు. నగదును చేతికి ఇవ్వక, గల్లా దగ్గర ఉన్న చిన్న పళ్లెంలో పెట్టాలి. చిల్లర కూడా అందులోనే వస్తుంది. తీసుకువెళ్లే తినుబండారాలపై వినియోగపు పన్ను 8 శాతం, కూర్చుని తింటే 10 శాతం. దుకాణాలు సాయంత్రం ఐదు, ఆరు గంటలకు మూతపడతాయి. కొన్నిటికి బుధవారం, కొన్నిటికి ఆదివారం సెలవు. మధ్యాహ్నం రద్దీలో ఈ సందులో నిలబడి వస్తువులు చూడడం కష్టం కనుక, పది గంటల ప్రాంతంలో వెళ్లమని నా సలహా. నిత్యావసరాల ధర మాత్రమే చూసుకునేవారికి మామూలు సూపర్‌మార్కెట్టే నయం. సిద్ధంగా వండిన భోజనం కావలసినవారు దగ్గరలోని దైమారు డిపార్ట్‌మెంటు స్టోరు నేలమాళిగకు వెళ్లవచ్చు. అక్కడ సాయంత్రం మూసే వేళ దగ్గరపడే కొద్దీ కొన్ని పెట్టెల మీద తగ్గింపు ధరల చీటీలు పడతాయి.

కొన్న తిండిని పట్టుకుని, తూర్పుగా కొంతదూరం నడిస్తే కామొ నది ఒడ్డు వస్తుంది. అక్కడ కూర్చుని తినడానికి అభ్యంతరం లేదు. అయితే గద్దలు వెనుక నుంచి వచ్చి చేతిలోని తిండిని తన్నుకుపోతాయని ఒడ్డున హెచ్చరిక బోర్డులు ఉన్నాయి. వాటిని తేలిగ్గా తీసుకోకుండా, చెట్టు కిందనో వంతెన కిందనో కూర్చుని పొట్లం విప్పండి.